సత్రం అన్నం



ఈసారి పింఛన్ల గురించి, రేషన్ కార్డుల గురించి రాస్తున్నానంటే కొందరికి నవ్వు రావచ్చు. ధమ్మం పుస్తకంలో పింఛన్ ముచ్చటేంది అని. నేరేడుచర్ల చుట్టుపక్కల మనోళ్ళ ఏ ఇంటికి పోయినా గోడ మీద బాబాసాహెబ్ ఉంటడు, పక్కన బుద్ధ భగవానుడు ఉంటడు. ఆ గోడకున్న అల్మారాలోనే ఒక ప్లాస్టిక్ కవరు ఉంటది. అందులో రేషన్ కార్డు, ఆధార్, పింఛన్ పుస్తకం, ఉంటే సదరం సర్టిఫికెట్. పొద్దున లేచి ఫొటో ముందు పంచశీల చెప్పుకుంటాం. రెండో శీలం మనకు ఇవ్వనిది తీసుకోనని. నాలుగోది అబద్ధమాడనని. ఈ రెండు మాటలు గోడ మీది ఫొటో దగ్గర ఆగిపోతున్నయా, ఆ ప్లాస్టిక్ కవర్ దాకా పోతున్నయా? నేను మాట్లాడదామనుకున్నది ఇదే.

ఒక్క విషయం ముందే తేల్చుకుందాం. పింఛన్ బిచ్చం కాదు. ఎవరి జేబులోంచో దయతలచి తీసి ఇచ్చింది కాదు. 2014 నవంబర్ 8న ఆసరా పేరుతో మొదలైనప్పుడు ముసలివాళ్ళకు, భర్త చనిపోయిన ఆడవాళ్ళకు నెలకు 1000 రూపాయలు, వికలాంగులకు 1500. అంతకుముందు 200, 500 ఉండేవి. 2019 జూన్ నుంచి అవి 2016, 3016 అయినయి. వికలాంగులది 2023లో 4016కు పెరిగింది. కొడుకు ముందు చెయ్యి చాపకుండా బీపీ గోళీలు కొనుక్కునే పెద్దమ్మను అడగండి ఆ డబ్బు విలువేందో. బియ్యం సంగతీ అంతే. 2013 ఆహార భద్రతా చట్టం వచ్చాక బియ్యం మన హక్కు. మనిషికి 6 కిలోల సన్నబియ్యం పథకం మొదలైంది కూడా మన పక్క హుజూర్‌నగర్‌లోనే, 2025 మార్చి 30న, ఉగాది రోజు. తలెత్తుకొని తీసుకోవాల్సిన వస్తువులివి. వీటిని తీసుకునేటోళ్ళను సోమరులని తిట్టే నోళ్ళతో నాకు ఏకీభావం లేదు, మీకూ ఉండొద్దు.

అయితే ప్రతి ఇచ్చిన వస్తువుకూ ఒక కారణం ఉంటది. ఆ కారణం ఉన్నంతవరకే అది మనకు ఇచ్చినట్టు. దీని గురించి వినయ పిటకంలో ఒక కథ ఉంది. మన ఉపన్యాసాల్లో ఇది ఎక్కువగా వినపడదు గానీ, నాకైతే అది మన మండలంలో జరిగినట్టే అనిపిస్తది.

సావత్థి నగరానికి కొంచెం దూరంలో ఒక సత్రం ఉండేది. ఊరి సంఘం వాళ్ళు కలిసి అక్కడ అన్నం వండించేవాళ్ళు. దారిన పోయేవాళ్ళు, సాధువులు, సన్యాసులు, ఏ మతంవాళ్ళయినా సరే, ఒక పూట తిని పోవచ్చు. ఒకరోజు ఆరుగురు భిక్షువుల గుంపు నగరంలో భిక్షకు తిరిగింది. ఏమీ దొరకలేదు. (వినయ పిటకంలో ఈ ఆరుగురు కనపడ్డారంటే అక్కడ ఏదో గొడవ ఉన్నట్టే.) ఆకలితో సత్రానికి పోయినరు. చాలా రోజులకు వచ్చినరని సత్రంవాళ్ళు సంతోషపడి మర్యాదగా పెట్టినరు. ఇంతవరకు తప్పేమీ లేదు. ఆకలి నిజం, అన్నం అందుకోసమే ఉన్నది. రెండోరోజు కూడా పోయినరు. మూడోరోజూ పోయినరు. ఆ తర్వాత వాళ్ళకొక ఆలోచన వచ్చింది. ఆరామానికి పోయి చేసేదేముంది, రేపు మళ్ళీ ఇక్కడికే రావాలె గదా అని. ఇక అక్కడే మకాం పెట్టినరు. రోజూ అక్కడే భోజనం. నిజంగా దారిన వచ్చే ఇతర సన్యాసులు వీళ్ళను చూసి వెనక్కి పోవడం మొదలుపెట్టినరు. అప్పుడు జనం గొణిగినరు. ఈ అన్నం వీళ్ళొక్కరి కోసం వండింది కాదు, అందరి కోసం అని. మాట బుద్ధుడి దాకా పోయింది. ఆయన ఆ భిక్షువులను మందలించి నియమం పెట్టిండు: సత్రం అన్నం ఒక్క పూటే.

కథ ఇక్కడ అయిపోతే అది కఠినమైన నియమమే. కానీ తర్వాత ఏమైందో చూడండి. సారిపుత్త మహాథేరుడు కోసల దేశంలో నడుస్తూ ఒక సత్రానికి వచ్చిండు. ఒక పూట తిన్నడు. అంతలోనే గట్టి జబ్బు చేసింది, కదల్లేకపోయిండు. రెండోరోజు సత్రంవాళ్ళు తినమంటే, ఒక్క పూట కంటే ఎక్కువ తినొద్దన్న నియమం ఉంది గదా అని తినకుండా ఉపవాసం ఉన్నడు. కోలుకొని సావత్థికి వచ్చి జరిగింది చెప్పిండు. బుద్ధుడు వెంటనే నియమం మార్చిండు. జబ్బు చేసిన భిక్షువు సత్రంలో ఉండి తినొచ్చు అని.

ఈ రెండు ముక్కలూ కలిపి చూడండి. సత్రం అదే. వండేవాళ్ళు వాళ్ళే. తినేది అదే అన్నం. మనిషి పరిస్థితిని బట్టి ఒకరోజు అది ఇచ్చిన అన్నం, ఇంకోరోజు ఇవ్వని అన్నం. జబ్బు ఉన్నప్పుడు తినకపోతే పస్తే, అది బుద్ధుడికి ఇష్టం లేదు. జబ్బు నయమయ్యాక కూర్చొని తింటే ఇంకొకడి పూట పోతది, అదీ ఇష్టం లేదు.

పాలిలో రెండో శీలానికి ఉన్న పేరు అదిన్నాదానం. మనం తెలుగులో దొంగతనం అని తేలికగా చెప్పేస్తం. దొంగతనం అనగానే అర్ధరాత్రి, తాళం పగలగొట్టుడు గుర్తొస్తది. మనం ఆ పని చెయ్యం కాబట్టి ఈ శీలం మనకు సులువు అనుకుంటం. అదిన్నాదానం అంటే ఇవ్వనిదాన్ని తీసుకోవడం, అంతే. పట్టపగలు, లైనులో నిలబడి, సంతకం పెట్టి కూడా తీసుకోవచ్చు.

మన ఇండ్లల్లోకి వద్దాం.

ఒక ఇంట్లో మామ చనిపోతడు. పింఛన్ బ్యాంకు ఖాతాలో పడుతది, ఏటీఎం కార్డు కొడుకు దగ్గర ఉంటది. దినాలు అయిపోతయి, మనోళ్ళ పద్ధతిలో భంతేను పిలిచి పరిత్రాణ పాఠం కూడా చదివిస్తరు. నెల తిరిగేసరికి ఫోనుకు మెసేజ్ వస్తది, 2016 రూపాయలు పడ్డట్టు. కొడుకు ఏమీ అడగలేదు, ఎవరికీ ఏమీ చెప్పలేదు. వచ్చినయి, తీసుకున్నడు. రెండో నెల. మూడో నెల. ఏడాదికి 24,192 రూపాయలు. అడిగితే అంటడు, నేను అబద్ధం చెప్పలేదన్నా, నన్నెవరూ అడగనేలేదు.

ఇక్కడ ఉపోసథం గుర్తు చేసుకోండి. పున్నమికీ అమావాస్యకీ భిక్షుసంఘం కూర్చుంటది. నియమాలన్నీ చదువుతరు. తప్పు చేసినవాడు ఉంటే చెప్పాలె, లేనివాడు మౌనంగా ఉండాలె. తప్పు గుర్తుండి కూడా నోరు విప్పనివాడిది తెలిసి ఆడిన అబద్ధమే అని అక్కడ స్పష్టంగా ఉంది. అంటే మౌనం కూడా ఒక జవాబే. నెలనెలా పోస్టాఫీసులో మిషన్ మీద వేలు పెట్టినప్పుడు, డీలర్ దగ్గర ఈ-పాస్ మీద వేలు పెట్టినప్పుడు, ఏటీఎంలో కార్డు పెట్టినప్పుడు మనల్ని ఒక ప్రశ్న అడుగుతున్నరు: నువ్వు చెప్పిన పరిస్థితి ఇంకా అట్లనే ఉందా అని. వేలు పెట్టడమంటే అవునని చెప్పడమే.

అదే ఇంట్లో ఇంకో విషయం చూడండి. చనిపోయినాయన భార్య ఉంది. ముసలివాళ్ళ పింఛన్ ఇంటికి ఒక్కరికే కాబట్టి ఇన్నేండ్లు ఆమెకు ఏమీ రాలేదు. ఇప్పుడు ఆమె వితంతు పింఛన్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. దానికి కావలసిన మొదటి కాగితమే భర్త మరణ ధృవీకరణ పత్రం. కొడుకు ఆ మరణాన్ని దాచినన్నాళ్ళూ తల్లి హక్కు కూడా దాని కిందే పడి ఉంటది. ఆమె పేరు మీద, ఆమె వేలితో రావలసిన డబ్బు, చచ్చిపోయినాయన పేరు మీద కొడుకు జేబులోకి పోతది. ఇల్లు గడవడానికే గదా అని కొడుకు అనుకోవచ్చు. అది పెద్దమ్మను అడిగి చెప్పాలె.

పోయినాయన 59 లోపు వయసువాడై, ఇల్లు ఆయన సంపాదన మీదే నడిచి ఉంటే, బీదింటికి జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద 20,000 రూపాయలు వస్తయి. పట్టా భూమి ఉండి రైతు బీమాలో పేరుంటే 5 లక్షలు. వీటన్నిటికీ చావును 21 రోజుల లోపు నమోదు చేయించుకోవడమే మొదటి మెట్టు. నెలకు 2016 కోసం చావును దాచి ఇంతకంటే పెద్దవి పోగొట్టుకునే ఇండ్లు ఉంటయి. లాభం కోసం శీలం పాటించమని నేను చెప్పను. నిజం చెప్తే నష్టమేనన్న భయం చాలాసార్లు ఉత్త భయమేనని మాత్రం చెప్తున్న.

రేషన్ కార్డు దగ్గర కథ కొంచెం వేరు. బిడ్డ పెండ్లయి కోదాడకు పోతది. పేరు తల్లిగారింటి కార్డులోనే ఉంటది. నెలకు 6 కిలోలు ఇక్కడ వస్తుంటయి. ఇందులో తప్పంతా మనోళ్ళదే అని నేను అనను. ఏండ్ల తరబడి కొత్త కార్డులు ఇవ్వలేదు, అత్తగారింటి కార్డులో పేరు ఎక్కించే దారే లేకుండె. ఇక్కడ తీసేస్తే అక్కడ ఎక్కదు, బిడ్డ ఎక్కడా లేకుండా పోతది. అట్లాంటప్పుడు పేరు ఉంచుకున్న తల్లిని నేను తప్పుపట్టలేను. కానీ 2025 జులై 14న మన జిల్లా తుంగతుర్తి నియోజకవర్గంలోనే కొత్త కార్డుల పంపిణీ మొదలైంది, పేర్లు ఎక్కిస్తున్నరు. ఇప్పుడు దారి ఉంది. ఉన్నాక కూడా రెండు చోట్లా పేరు ఉంచుకుంటే అది వేరే లెక్క. ముందు మీసేవలో ఇక్కడ తీసేయించి, ఆ కాగితంతో అక్కడ ఎక్కించాలె. మధ్యలో ఒకటి రెండు నెలలు బియ్యం ఆగితే ఆ ఇంటికి మనం ఇచ్చుకోవాలె, అది కూడా దానమే.

మిగతావి మీకే తెలుసు. ఒంటరి మహిళ పింఛన్ తీసుకునే చెల్లె మళ్ళీ పెండ్లి చేసుకుంటది (మంచిదే, చేసుకోవాలె). కొడుక్కు సర్కారు నౌకరి వస్తది. ఏజెంట్‌కు డబ్బులిచ్చి సదరం సర్టిఫికెట్‌లో శాతం పెంచుకున్నోళ్ళున్నరు. ఈ చివరిది పరిస్థితి మారడం కాదు, మొదటినుంచే అబద్ధం. పక్క ఆంధ్రలో 2025లో వికలాంగుల పింఛన్లకు మళ్ళీ పరీక్షలు పెట్టినప్పుడు దొంగ సర్టిఫికెట్ల పేరు చెప్పి, నిజంగా కాళ్ళు లేనివాళ్ళు, కండ్లు లేనివాళ్ళు ఆస్పత్రుల చుట్టూ తిరగాల్సొచ్చింది. దొంగ కాగితం భారం నిజమైన వికలాంగుడి మీద పడ్డది.

ఇట్లనే ఇంకొకడి మీద పడ్డ భారం గురించి ఒక పాత సంగతి ఉంది. రెండో పారాజిక నియమం, అంటే దొంగతనం చేస్తే భిక్షువు సంఘంలో ఉండే అర్హత పోగొట్టుకుంటడన్న నియమం, ఎందుకొచ్చిందో చూడండి. రాజగహలో ధనియుడనే భిక్షువు ఉండేవాడు, కుమ్మరి ఇంటి బిడ్డ. ఆయన గడ్డి గుడిసెను మూడుసార్లు జనం పీక్కపోయినరు. చెక్క గుడిసె కట్టుకుందామని బింబిసార రాజు కలప అడితికి పోయి, ఈ కలప రాజుగారు నాకిచ్చినరు అన్నడు. కాపలాదారు నమ్మి ఇచ్చిండు. లెక్క తేలనప్పుడు కాపలాదారును కట్టేసి తీసుకపోయినరు. ధనియుడు రాజు ముందుకు పోయి, పట్టాభిషేకం రోజు సన్యాసులకు గడ్డి, కట్టె, నీళ్ళు ఇస్తున్ననని నువ్వే అన్నవు గదా అన్నడు. రాజు అన్నడు: అన్న, కానీ నేనన్నది అడవిలో ఎవరిదీ కాని కట్టె గురించి, నువ్వు ఆ మాట అడ్డం పెట్టుకొని ఇది తీసుకున్నవు అని. చీవరం చూసి వదిలేసిండు గానీ ఊరంతా భిక్షువులను తిట్టింది.

ధనియుడు తాళం పగలగొట్టలేదు. నిజంగా ఉన్న ఒక పథకాన్ని, తనకు వర్తించని చోట వర్తిస్తదని చెప్పిండు. కట్లు పడ్డది కాపలాదారుకు. మన దగ్గర వేలిముద్రలు అరిగిపోయిన ముసలోళ్ళకు పంచాయతీ కార్యదర్శి తన వేలు పెట్టి పింఛన్ ఇప్పిస్తడు. అబద్ధం చెప్పి ఆ వేలు వాడుకుంటే రేపు సస్పెండయ్యేది అతను. ఆ తర్వాత వచ్చే కార్యదర్శి ఎవరికీ వేలు పెట్టడు, అరిగిపోయిన చేతులున్న ముసలమ్మ ఇంటికి ఖాళీ చేతులతో పోతది.

ఇక మీరు అడగబోయే మాట నాకు తెలుసు. కలిగినోళ్ళు కోట్లు మింగుతున్నరు, మా 2 వేలు మీకు కనపడ్డయా అని.

కనపడ్డయి, వాళ్ళవీ కనపడ్డయి. 2018లో రైతు బంధు మొదలుపెట్టినప్పుడు ఎకరానికి పంటకు 4000 ఇచ్చినరు. ఎన్ని ఎకరాలున్నా హద్దు లేదు. ఎంత భూమి ఉంటే అంత డబ్బు. మన కౌలు రైతుకు ఒక్క రూపాయి లేదు. సాగు చెయ్యని గుట్టలకు, ప్లాట్లకు కూడా పడ్డయని ప్రభుత్వమే తర్వాత ఒప్పుకున్నది. రేషన్ దొడ్డు బియ్యం ఊళ్ళల్లో కొని, మిల్లులో మళ్ళీ పాలిష్ పట్టి, తిరిగి సర్కారుకే అంటగట్టే వ్యాపారం సంగతి మిర్యాలగూడ, కోదాడ దారి మీద ఉన్న ఎవరిని అడిగినా చెప్తరు. ఆటోలో వచ్చి బియ్యం కొనుక్కపోయేటోడికి అమ్మినవాళ్ళు మనలో లేరా? ఆ గొలుసులో చివరి లింకు మనం.

కానీ వాళ్ళ లెక్క తప్పితే వాళ్ళకు లాయర్ ఉంటడు. మన లెక్క తప్పితే ఒక్క ఇంటి పేరు చెప్పి వాడ మొత్తాన్ని దొంగలంటరు. ఇది అన్యాయమే. అయినా నేను నిజాయితీగా ఉండమనేది వాళ్ళ మెప్పు కోసం కాదు. వాళ్ళు మెచ్చుకోరు కూడా. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ 22 ప్రతిజ్ఞలు చేయించినప్పుడు అందులో దొంగతనం చెయ్యను, అబద్ధమాడను అనేవి కూడా పెట్టిండు. పెత్తందార్లు మారాక చేస్తనని ఎక్కడా పెట్టలేదు. ధమ్మం అంటే మనిషికీ మనిషికీ మధ్య సరైన సంబంధం అని ఆయన రాసిండు. మనకూ సర్కారుకూ మధ్య సంగతి కాదు ఇది. మనకూ సత్రం గుమ్మంలో నిలబడ్డ ఆ తర్వాతి మనిషికీ మధ్య సంగతి.

సర్కారు తప్పును కూడా బుద్ధుడు దాచలేదు. దీఘ నికాయంలో చక్కవత్తి సీహనాద సుత్తం ఉంది. ఒక రాజు రక్షణ ఇచ్చిండు గానీ లేనివాళ్ళకు ధనం ఇవ్వలేదు. దరిద్రం పెరిగింది. ఒకడు దొంగతనం చేసి దొరికిండు, బతుకుదెరువు లేక చేసిన అన్నడు. రాజు వాడికి డబ్బిచ్చి పంపిండు. దొంగతనం చేస్తే రాజు డబ్బిస్తడట అని ఇంకొకడు చేసిండు. అప్పుడు రాజు తల తీయించిండు. జనం కత్తులు తయారు చేసుకున్నరు. కొన్నాళ్ళకు దొరికినవాడు చెయ్యలేదని అబద్ధం చెప్పడం మొదలైంది. బుద్ధుడు ఈ కథను బీదవాడి దొంగతనంతో మొదలుపెట్టలేదు, రాజు ఇవ్వకపోవడంతో మొదలుపెట్టిండు. అయినా ఆ అబద్ధాన్ని మంచిదనలేదు. రెండు మాటలూ మనం పట్టుకోవాలె.

మన రాష్ట్రంలో 19 లక్షల దాకా రేషన్ కార్డులు కంప్యూటర్ లెక్కల మీద రద్దు చేస్తే, ఇంటింటికీ పోయి మళ్ళీ చూడమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సొచ్చింది. కారు లేనివాడికి కారుందని కార్డు పోయిన సంగతులున్నయి. 2024 జులైలో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో 80 ఏండ్ల పెద్దమ్మకు, నీకు చనిపోయిన బిడ్డ ఉద్యోగపు పింఛన్ వస్తుంది కాబట్టి ఇన్నేండ్లు తీసుకున్న ఆసరా 1.72 లక్షలు తిరిగి కట్టమని నోటీసిచ్చినరు. ఆమె దాచిందా, ఆమెకు చెప్పినోళ్ళే లేరా? రెండు పింఛన్లూ ఇచ్చింది సర్కారే, రెండు పుస్తకాలూ దాని దగ్గరే ఉన్నయి. ఊరంతా తిట్టాక అట్లాంటి వసూళ్ళు ఆపమని పైనుంచి ఆదేశం పోయింది. ఆ నోటీసు క్రూరమైనదే. కానీ చెప్పని ఒక్కో నెలా పేరుకుపోయి ఎంత పెద్ద అప్పవుతదో కూడా అందులో ఉంది. రెండో పింఛన్ మొదలైన నెలలోనే పక్కన కూర్చొని ఒక అర్జీ రాసిచ్చే మనిషి ఆమెకు ఉంటే అక్కడిదాకా వచ్చేది కాదు. ఆ మనిషి మనలో చదువుకున్న ప్రతి ఒక్కరూ కావాలె.

ఇక మనలో మనం మాట్లాడుకోవలసిన ఒక మౌనం ఉంది. దీక్ష తీసుకొని ఇరవై ఏండ్లయినా ఫారంలో మతం దగ్గర హిందువు అని రాసే ఉపాసకులున్నరు. బౌద్ధం అని రాస్తే ఎస్సీ సర్టిఫికెట్ పోతదని, పిల్లల హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్ పోతయని భయం. ఆ భయానికి ఒకప్పుడు అర్థం ఉండేది. 1950 ఉత్తర్వులో హిందువులకే ఎస్సీ హోదా ఉండె. 1956లో సిక్కులను చేర్చినరు. 1990లో బౌద్ధులను కూడా చేర్చినరు. ఇప్పుడు ఎస్సీ కులంలో పుట్టి బౌద్ధం తీసుకున్నవాళ్ళకు ఆ హోదా ఉంటది. ఆఫీసులో కూర్చున్నాయనకు ఇది తెలియకపోతే మనం చెప్పాలె, ఉత్తర్వు జిరాక్సు వెంట పెట్టుకపోవాలె. సౌకర్యం కోసం నిజాన్ని దాచడం మనకు మొదట ఇక్కడే అలవాటైందేమో ఆలోచించండి. 2027 జనగణనలో ఇంటికొచ్చిన టీచర్ మతం అడిగినప్పుడు గట్టిగా చెప్పండి.

కొందరు యువకులు ఉత్సాహంగా అడిగినరు, ఎవరెవరు తప్పుగా తీసుకుంటున్నరో లిస్టు రాసి పై ఆఫీసుకు పంపుదామా అని. వద్దన్నాను. పక్కింటోళ్ళ మీద కాగితాలు పెట్టుడు మన వాడల్లో ఎందుకు జరుగుతదో నాకు తెలుసు. గెట్టు పంచాయితీలు, ఎలక్షన్ పగలు అన్నీ అందులో దూరుతయి. డీలర్లు, ఏజెంట్లు, దొంగ సర్టిఫికెట్లు అమ్మేవాళ్ళ మీద ఫిర్యాదు చెయ్యండి, సోమవారం సూర్యాపేట కలెక్టరేట్ ప్రజావాణికి నేనూ వస్త. బీద ఇంటి విషయం మాత్రం ఆ ఇంట్లో కూర్చొని మాట్లాడాలె. ఇంకొకరి తప్పు చెప్పాలంటే సమయం చూసి, నిజమే చెప్పి, మెత్తగా, వాళ్ళ మేలు కోసం, మైత్రితో చెప్పాలని వినయంలో ఉంది. అట్ల చెప్పలేకపోతే ఇంకా మనకు చెప్పే అర్హత రాలేదన్నట్టే.

లెక్క అందరి ముందూ ఉండాలన్నది మాత్రం వేరే విషయం. 2006 నుంచి ఉపాధి హామీ పనుల మీద మన దగ్గర సామాజిక తనిఖీ జరిగింది. ఎవరి పేరు మీద ఎన్ని రోజుల కూలి పడ్డదో ఊరి ముందు చదివినరు. పనికి రానోళ్ళ పేర్లు మస్టర్‌లో ఎక్కించి సగం సగం పంచుకున్న సంగతులు అట్లనే బయటపడ్డయి. అసలు దానాన్ని బాహాటంగా రాయడం మన పాత అలవాటే. మన జిల్లాలోని ఫణిగిరి గుట్ట మీద ఎవరు ఏమిచ్చినరో రాతి మీద చెక్కించినరు.

భిక్షువులకు ఇంకో నియమం ఉంది. ఉండకూడని వస్తువు చేతికి వస్తే ముందు ఆ వస్తువును సంఘం ముందు వదిలెయ్యాలె, ఆ తర్వాతే తప్పు ఒప్పుకోవాలె. వస్తువును చంకలో పెట్టుకొని ఒప్పుకుంటే లెక్కలోకి రాదు. మనకూ అంతే. ముందు ఆపించుకోవాలె. పింఛన్ విషయంలో ఊళ్ళల్లో ఉన్నవాళ్ళు పంచాయతీ కార్యదర్శికి, అక్కడ కాకపోతే ఎంపీడీవో ఆఫీసులో, నేరేడుచర్ల పట్నంలో ఉన్నవాళ్ళు మున్సిపాలిటీ ఆఫీసులో అర్జీ ఇవ్వాలె. తెల్లకాగితం మీద పేరు, పింఛన్ నంబరు, ఏం మారింది, ఏ తేదీన మారింది, ఈ నెల నుంచి ఆపమని. నోటితో చెప్పి వచ్చేయకండి. రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. రేపు ఎవరైనా నువ్వు దాచినవని అంటే ఆ ముద్రే మీకు దిక్కు. చనిపోయినవాళ్ళ ఖాతా అయితే బ్యాంకులో కూడా మరణ పత్రం ఇచ్చి ఏటీఎం కార్డు అప్పజెప్పండి. ఇప్పటికే కొన్ని నెలలు తీసుకొని ఉంటే అది కూడా అర్జీలో రాయండి, ఒకేసారి కట్టలేకపోతే వాయిదాలు అడగండి. ఒంటరిగా పోవద్దు, ఇద్దరు ముగ్గురు కలిసి పోండి. గుమాస్తా కసిరితే పక్కన మనిషి ఉండాలె.

ఒక్కటి నిజం చెప్పాలె. మీరు వదులుకున్న పింఛన్ తెల్లారే పక్కింటి పెద్దమ్మకు వస్తదని నేను హామీ ఇవ్వలేను. కొత్త దరఖాస్తులు పెట్టుకొని ఏండ్ల తరబడి ఎదురుచూస్తున్నవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నరు. అందుకే వదులుకున్నవాళ్ళం మనమే వాళ్ళ అర్జీలు పట్టుకొని తిరగాలె. తన చెయ్యి శుభ్రంగా ఉన్నవాడు ఆఫీసరు బల్ల ముందు మాట్లాడే గొంతు వేరుగా ఉంటది, అది నేను చాలాసార్లు చూసిన.

వచ్చే పున్నమికి ఉపోసథం ఉంటది. పొద్దున వందన అయినంక, మధ్యాహ్నం భోజనాలకు ముందు, చదువుకున్న పిల్లలు ఐదారుగురు అర్జీ కాగితాలతో కూర్చుంటరు. పేరు తీసేయించుకోవలసినవాళ్ళకూ రాస్తరు, అన్యాయంగా పేరు పోయినవాళ్ళకూ రాస్తరు. ఎవరు ఏ వరుసలో కూర్చున్నరో ఎవరూ అడగరు, ఒకటే వరుస. ఆ ప్లాస్టిక్ కవరు ఇంట్లో పెట్టి రాకండి, తెచ్చుకోండి. చావు జరిగిన ఇల్లయితే ఆధార్ జిరాక్సు రెండు కాపీలు కూడా.